స్కూలు దాటాక దేవుడు ఎక్కడ తప్పిపోతాడు? తరచుగా అడిగే ప్రశ్నలు

నా ఉద్యోగం విజయవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పడం. గుంటూరులో మా చర్చిలో సండే స్కూల్ పాఠం చెప్పడం ఇరవై రెండేళ్ల అలవాటు. రెండు ఊళ్ల మధ్య బస్సులో గంట ప్రయాణం. ఆ చివర కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థించే పిల్లలే అయిదారేళ్ల తర్వాత ఈ చివర "అవన్నీ నాకు కుదరవు సార్" అంటుంటే వింటున్నాను. తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగేవీ, పిల్లలు మెట్ల దగ్గర ఆపి అడిగేవీ ఎప్పుడూ అవే సందేహాలు. అందుకే రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. నేను దగ్గరగా చూసినవి క్రైస్తవ ఇళ్లు. హిందూ ఇళ్లు కొంత, ముస్లిం ఇళ్లు తక్కువ. జవాబుల్లో ఆ హెచ్చుతగ్గులు ఉంటాయి.

## పదో తరగతి వరకు

చిన్నప్పుడు అంత భక్తిగా ఉండేవాడు. ఒక్కసారిగా ఇలా ఎలా మారాడు?

మీరు గమనించడం ఒక్కసారిగా జరిగింది. మారడం మాత్రం ఎప్పుడో మొదలై ఉంటుంది. పదేళ్ల పిల్లవాడి భక్తిలో సగం అమ్మానాన్నలది. తెల్లవారే లేపి తలస్నానం చేయించేది మీరు, ఇస్త్రీ చొక్కా తొడిగేది మీరు, స్కూటర్ ముందు నిలబెట్టి తీసుకెళ్లేది మీరు. వేసవి సెలవుల్లో విబిఎస్ (చర్చిలో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు) జరిగినన్నాళ్లూ చేతులు ఊపుతూ పాడే పాటలు, కంఠత వాక్యాలు అప్పజెప్పినందుకు చివరి రోజు ఇచ్చే స్టీలు డబ్బా, ఇదంతా వాడికి సంబరం. నాన్నతో పాటు అయ్యప్ప మాల వేసుకున్న ఎనిమిదేళ్లవాణ్ని బడిలో టీచరు కూడా "స్వామీ" అని పిలుస్తుంది. హోంవర్కు చేయకపోయినా ఆ నలభై ఒక్క రోజులు దెబ్బ పడదు. అదంతా నటన అని నేననను. కానీ లేపేవాళ్లు, తోడొచ్చేవాళ్లు, మెచ్చుకునేవాళ్లు లేని చోటికి వెళ్లాకే అందులో వాడి సొంతం ఎంతో తేలుతుంది. కొందరిలో చాలా మిగులుతుంది. కొందరికి పాటలు మాత్రం గుర్తుంటాయి.

ప్రశ్నలు ఎక్కువ అడిగే పిల్లలే వదిలేస్తారా?

ఒక ఆదివారం నిర్గమకాండం చెబుతున్నాను. ఐగుప్తులో తొలిచూలు పిల్లలు చనిపోయిన ఘట్టం. ఆరో తరగతి పిల్ల లేచి, "ఫరో తప్పు చేస్తే వాళ్ల ఊళ్లో పిల్లలు ఎందుకు చచ్చిపోవాలి సార్?" అంది. నేను గడియారం చూశాను. "పెద్దయ్యాక నీకే తెలుస్తుందమ్మా" అని రంగు పెన్సిళ్లు పంచాను. తొమ్మిదేళ్ల తర్వాత ఆ అమ్మాయి బస్టాండులో కనబడి, "పెద్దయ్యాను సార్, తెలియలేదు" అంది. నవ్వుతూనే అంది. చర్చి మానేసి అప్పటికి రెండేళ్లట.

ప్రశ్న అడిగినందుకు ఆమె వెళ్లిపోలేదు. ఆ ప్రశ్నకు మా దగ్గర చోటు లేదని పదకొండేళ్లకే గ్రహించింది. "నాకూ తెలియదమ్మా, చదివినప్పుడల్లా నాకూ బాధగానే ఉంటుంది" అని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. అబద్ధమైతే ఆడి ఉండేవాణ్ని కాదు. అసలు ఏ ప్రశ్నా అడగని పిల్లలూ వెళ్లిపోతారు. వాళ్లు వెళ్లిన సంగతి మనకు ఆలస్యంగా తెలుస్తుంది.

సైన్సు చదవడం వల్లే దేవుడు లేడంటున్నారా?

నా ఫిజిక్స్ పాఠం విని ఒక్కడూ నాస్తికుడు కాలేదు. పాఠం అంత శ్రద్ధగా విన్నవాళ్లూ తక్కువే. గురుత్వాకర్షణ లెక్క చేసిన చేత్తోనే హారతి కళ్లకద్దుకోవడం మన దగ్గర ఎవరికీ ఎబ్బెట్టు కాదు. బైపీసీ పిల్లలకు పరిణామ సిద్ధాంతం దగ్గర చిక్కు వస్తుంది, అదీ ఆరు రోజుల సృష్టిని అక్షరాలా నేర్చుకున్నవాళ్లకే. సైన్సు వల్ల వచ్చేది "నీకెలా తెలుసు?" అని అడిగే అలవాటు. అది ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం అంటుంది. 1976లో 42వ సవరణతో చేరిన మాట అది. పిల్లలు ఆ విధిని ముందుగా ఇంట్లో మన మీదే నెరవేరుస్తారు.

పరీక్షల ముందు దేవుడి దగ్గరికి పరుగెత్తేవాళ్లు ఫలితాలు వచ్చాక ముఖం చాటేస్తారెందుకు?

ఇది మన రెండు ఊళ్లకు బాగా ముదిరిన జబ్బు, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. దసరాల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద అమ్మవారికి సరస్వతీ అలంకారం. ఆ రోజు క్యూలో ఎటు చూసినా చదువుకునే పిల్లలే. పరీక్షల నెల వచ్చిందంటే మా చర్చిలోనూ అంతే. బల్ల మీద హాల్ టికెట్లు వరుసగా పేర్చుతారు. నూనె మరక పడకుండా అయ్యగారు చేతిని వాటికి కాస్త ఎత్తులో పట్టుకుని ప్రార్థిస్తారు. ఒక ఏడాది ప్రార్థన మధ్యలో ఫ్యాను గాలికి అవి లేచి చెల్లాచెదురయ్యాయి. ఎవరి హాల్ టికెట్ నేల మీద పడిందో ఆ పిల్ల తల్లి ముఖం నాకింకా గుర్తుంది. అమ్మవారి దగ్గర పెన్నులకు పూజ, గుణదల మేరీమాతకు కొవ్వొత్తి, దర్గాలో తాయెత్తు, ఈ మూడూ ఒకే ఇంటివాళ్లు ఒకే వారంలో ముగించడం కూడా చూశాను.

ఇదంతా చూసిన పిల్లవాడికి అర్థమయ్యేది ఒకటే. దేవుడంటే ర్యాంకులిచ్చేవాడు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా ఈ లెక్క మారలేదు. ర్యాంకు రాకపోతే దేవుడు వినలేదనుకోవాలి, లేదా తన భక్తి చాలలేదనుకోవాలి. రెండోది నమ్మి కుమిలిపోయేవాళ్లకంటే మొదటిది నమ్మి అలిగేవాళ్లే నయమనిపిస్తుంది నాకు. చిత్రమేమిటంటే మంచి ర్యాంకు వచ్చినవాళ్లు కూడా జారిపోతారు. తమకంటే ఎక్కువ ప్రార్థించిన పక్క మంచం స్నేహితుడికి రాలేదని వాళ్లకు తెలుసు.

## ఇంటర్ హాస్టల్

హాస్టల్లో చేర్చాకే మావాడు మారిపోయాడు. హాస్టలే కారణమా?

హాస్టల్ నమ్మకం జోలికి వెళ్లదు. రోజును మార్చేస్తుంది, అది చాలు. తెల్లవారుజామున అయిదున్నరకు మొదటి స్టడీ అవర్. రాత్రి పదిన్నర దాటాకే పక్క మీదికి. ఆదివారం ఉదయం వారాంతపు పరీక్ష, మధ్యాహ్నం బట్టలు ఉతుక్కోవడం, అమ్మానాన్న వస్తే గేటు పక్క చెట్టు కింద బిర్యానీ పొట్లం. చర్చిలో ఆరాధన జరిగేది సరిగ్గా ఆ పరీక్ష వేళకే. శుక్రవారం జుమ్మా నమాజుకు వెళ్లాలంటే క్లాసు పోతుంది, ఔటింగ్ చీటీ మీద సంతకం కావాలి. వారం వారం అడగడానికి పదహారేళ్లవాడికి మొహమాటం. బాత్రూమ్ ముందు బకెట్టుతో పదిహేనో వాడిగా నిలబడిన కుర్రవాడికి సంధ్యావందనం వేళ ఎప్పుడు దాటిందో కూడా తెలియదు.

మొదటి నెల బెంగ. రెండో నెల "పోనీలే". దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి, మానేసినా ఏమీ కాలేదని తెలిసిపోతుంది. కళ్లు పోలేదు, పిడుగు పడలేదు. ఏళ్ల తరబడి పెట్టిన భయాలన్నీ ఆ ఒక్క అనుభవంతో వీగిపోతాయి. భయం మీద నిలబెట్టిన భక్తికి ఈ రెండు నెలలే ఆయుష్షు.

తల్లిదండ్రులతో ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగానే అంటాను. ఆ హాస్టల్‌ను ఎంచుకున్నది మీరు. "రెండేళ్లు అవన్నీ పక్కన పెట్టు, ముందు చదువు" అన్నదీ మీరే. పిల్లవాడు మీ మాట విన్నాడు.

అమెరికాలో కూడా ఇంతేనట కదా? అక్కడి లెక్కలు మనకు వర్తిస్తాయా?

కొంతవరకే. లైఫ్‌వే రీసెర్చ్ అమెరికాలో 2017లో చేసి 2019లో ప్రచురించిన సర్వేలో, టీనేజీలో కనీసం ఏడాది పాటు ప్రొటెస్టంట్ చర్చికి క్రమంగా వెళ్లినవాళ్లలో 66 శాతం మంది 18 నుంచి 22 ఏళ్ల మధ్య కనీసం ఒక ఏడాది మానేశామన్నారు. కారణాల్లో అన్నిటికంటే ముందున్నది కాలేజీ కోసం ఊరు మారడం, 34 శాతం. అంటే అక్కడా తర్కంకంటే ముందు పెట్టె సర్దుకోవడమే పని చేసింది. మన పిల్లలు ఆ పెట్టెను రెండేళ్ల ముందే, పదో తరగతి కాగానే సర్దుకుంటారు.

తేడా కూడా ఉంది. 2021లో ప్యూ రీసెర్చ్ సెంటర్ భారతదేశం మీద ప్రచురించిన సర్వేలో దాదాపు 30 వేల మంది పెద్దవాళ్లను అడిగితే 97 శాతం దేవుణ్ని నమ్ముతామన్నారు. పెరిగిన మతమే ఇప్పటి మతం అన్నవాళ్లు 98 శాతం. మన దగ్గర మతం అంటే ఇంటిపేరు లాంటిది. ఏడాదిగా చర్చి ముఖం చూడని కుర్రవాడు కూడా ఫారంలో క్రైస్తవుడనే రాస్తాడు. గుడికి వెళ్లని అమ్మాయి దీపావళికి కొత్త బట్టలు కట్టుకుంటుంది. ఆ 97 చూసి ధైర్యం తెచ్చుకునే పెద్దలు ఆదివారం వెనక వరుసల్లో ఎంతమంది కుర్రవాళ్లున్నారో ఒకసారి లెక్కపెట్టుకుంటే మంచిది.

స్నేహితులు చెడగొట్టారా?

చెడగొట్టేంత తీరిక హాస్టల్లో ఎవరికీ ఉండదు. జరిగేది వేరు. అన్యులంతా నరకానికి పోతారని విని పెరిగిన పిల్లవాడికి జ్వరం వస్తుంది. రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది పక్క మంచం మీది హిందూ కుర్రవాడు. తెల్లవారేసరికి జ్వరంతో పాటు ఆ పాఠం కూడా దిగిపోతుంది. అవతలి వైపూ ఇలాగే. మా పాఠాల్లోనే లోపం ఉంది, స్నేహంలో లేదు.

యూట్యూబ్‌లో వాదనలు చూసి ఇలా తయారయ్యాడు. ఫోన్ తీసేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. అప్పటికే అనుమానం ఉన్నవాడే వాటిని వెతుక్కుంటాడు. మతాల వాళ్లు ఒకరినొకరు తిట్టుకునే వీడియోలు నాస్తికుల వీడియోలకంటే ఎక్కువ నష్టం చేస్తున్నాయని నా అనుమానం. రెండు వైపుల తిట్లూ విన్నవాడు ఇద్దరూ నిజమే చెబుతున్నారనుకుంటాడు.

కాలేజీలో జరిగే ప్రార్థనలో తప్పనిసరిగా పాల్గొనాలా?

అక్కర్లేదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో, విద్యార్థి ఇష్టపడితే తప్ప మతబోధలోగానీ ఆరాధనలోగానీ పాల్గొనాలని ఒత్తిడి చేయకూడదని రాజ్యాంగంలోని 28(3) అధికరణం చెబుతుంది. మైనరు అయితే ఆ అంగీకారం సంరక్షకులు ఇవ్వాలి. అది ఏ మతం వారి కాలేజీ అయినా ఒకటే. ఆ పదిహేను నిమిషాలు వెనక నిశ్శబ్దంగా కూర్చుంటానని ముందే చెబితే చాలా చోట్ల గొడవ లేకుండా పోతుంది.

## డిగ్రీ, ఇంజనీరింగ్ రోజులు

దేవుణ్ని నమ్ముతాను కానీ చర్చికి వెళ్లను. నేను విశ్వాసం వదిలేసినట్టేనా?

మా సంఘంలో అయితే "చల్లారిపోయాడు" అంటారు. నేనలా అనను. సాధారణంగా ముందు పోయేది అలవాటు, ఆ తర్వాత సంఘంతో చుట్టరికం. నమ్మకం ఆఖరున పోతుంది, చాలామందిలో పోనే పోదు. రాత్రి పరీక్ష భయంతో పడుకునే ముందు నీ పెదవులు కదులుతున్నాయంటే నువ్వు వదిలింది బెంచీని మాత్రమే.

చర్చిలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో ఇంకో మతం. ఇది పిల్లలను దూరం చేస్తుందా?

చేస్తుంది. దీని గురించి మైకులో ఎవరూ మాట్లాడరు కాబట్టి ఇంకా ఎక్కువ చేస్తుంది. ఫాదర్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. ఈ జిల్లాలో అయిదారు తరాలుగా చర్చి తప్ప మరొకటి తెలియని కుటుంబాలున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకు పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు, వారి సంతతికి మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీలకు 15 శాతం. చర్చి గుమ్మం దాటినంత మాత్రాన కులం మీద జరిగే అవమానం ఆగదు, హోదా మాత్రం ఆగిపోతుంది. అందుకే చాలా ఇళ్లలో కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటి.

పిల్లవాడు దీన్ని సీటు కౌన్సెలింగ్ రోజున మొదటిసారి ముఖాముఖి చూస్తాడు. ఎన్నడూ అబద్ధమాడవద్దని నేర్పిన నాన్నే, "బాప్తిస్మం పేరు ఇక్కడ చెప్పకు" అని చెవిలో అంటాడు. ఆ నాన్నను నేను తప్పు పట్టను, చట్టం ఆయనను ఆ మూలకు నెట్టింది. కానీ ఆ రోజు కుర్రవాడి మనసులో ఏదో విరుగుతుంది, దానికి ఎవరూ కట్టు కట్టరు. చర్చిలోకి తిరిగి వస్తే అక్కడా సంబంధాల వేళ కులం, కమిటీ ఎన్నికల వేళ కులం. ఇటు హిందూ ఇళ్లలోనూ, తమ గుడి గర్భాలయం ముందు ఎవరు ఎంత దూరంలో ఆగుతారో గమనించిన పిల్లలు నాతో ఇదే బాధ చెప్పారు. దేవుడి మీద వాదించేవాళ్లకంటే ఇలా మనుషుల్ని చూసి వెళ్లిపోయేవాళ్లే నాకు ఎక్కువగా తారసపడ్డారు.

ఆడపిల్లలు కూడా వదిలేస్తున్నారా?

వదిలేస్తున్నారు, బయటికి కనిపించదు. అబ్బాయి మానేస్తే దుప్పటి ముసుగు తన్ని పడుకుంటాడు. అమ్మాయి మానేసినా చున్నీ తల మీద వేసుకుని వెళ్లి కూర్చుంటుంది. నెలసరి రోజుల్లో దేవుడి గది వైపు రానివ్వని ఇల్లు, స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న పౌలు మాటను ఏటా గుర్తుచేసే ప్రసంగం, తమ్ముడు నమాజుకు వెళ్తుంటే తను గుమ్మం దగ్గర ఆగిపోవలసిన మసీదు, ఇవన్నీ వాళ్లకు లెక్కలో ఉంటాయి. మా చర్చిలో పాటల బృందం వాళ్లది, సండే స్కూల్ వాళ్లది, ఊడ్చి పూలు పెట్టేది వాళ్లు. తీర్మానం పుస్తకంలో సంతకాలు మాత్రం మావి. ఒకమ్మాయి అడిగింది: "దేవుడికి నా గొంతు పాటకే పనికొస్తుందా సార్?"

నాస్తికత్వం మనకు బయటి నుంచి వచ్చిన మోజే కదా?

విజయవాడలో ఉండి ఈ మాట అనడం కష్టం. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో, 1939లో బందరులో ఉద్యోగాలు పోయాయి. ఆయన, సరస్వతీ గోరా కలిసి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. 1972లో ప్రపంచ నాస్తిక మహాసభ ఇక్కడే జరిగింది. గాంధీజీతో కూర్చుని దేవుడి గురించి చర్చించిన మనిషి ఆయన. ఇటు తెనాలిలో త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) పెళ్లి తంతును తెలుగులోకి తెచ్చి, బ్రాహ్మణ పురోహితుడు లేని పెళ్లిళ్లు జరిపించారు. ఇప్పటి పిల్లల్లో ఎక్కువమందికి ఈ పేర్లే తెలియవు. వాళ్లది ఆ వాదం కాదు, వాళ్లకు వాదించాలన్న ఆసక్తే లేదు. గోరాకు దేవుడితో పేచీ ఉండేది. వీళ్లకు పేచీ పెట్టుకునేంత పరిచయం కూడా మిగలలేదు.

## ఇంట్లో చెప్పడం

నాకు నమ్మకం పోయింది. ఇంట్లో చెప్పాలా, వద్దా?

ఫీజు ఎవరు కడుతున్నారు, కోపం వస్తే ఇంట్లో చెయ్యి లేస్తుందా, చదువు మాన్పిస్తారా అన్నవి ముందు ఆలోచించు. భయం ఉంటే సొంత సంపాదన వచ్చేదాకా ఆగడం పిరికితనం కాదు. చెప్పాలనుకుంటే అందరి ముందు వద్దు. పండగ పూట అసలే వద్దు. అమ్మ, బాబాయి, అక్క, ఎవరైనా నీ మాట పూర్తిగా వినే ఒక్కరితో మొదలుపెట్టు. "నాకు నమ్మకం కుదరడం లేదు" అంటే నీ గురించి చెప్పినట్టు. "మీరంతా మూఢులు" అంటే వాళ్ల గురించి తీర్పు చెప్పినట్టు. మొదటిది వినగలిగిన ఇళ్లు రెండోది వినలేవు.

మా అమ్మాయి చెప్పేసింది. ఇప్పుడు నేనేం చేయాలి?

నేనేం చేశానో చెబుతాను, అలా చేయకండి. మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉంది. క్రిస్మస్‌కు ముందు రాత్రి వరండాలో స్టూలు మీద నిలబడి స్టార్ కడుతున్నాను. తను కింద నుంచి వైరు అందిస్తోంది. "నాన్నా, రేపు నేను రాను. ఎల్లుండి ఆదివారం కూడా" అంది. వైరు మాత్రం వదల్లేదు. నేను అన్న మొదటి మాట: "సంఘంలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

ఆ వాక్యంలో దేవుడు లేడు. ఆమె లేదు. ఉన్నదల్లా నేనూ, నా బెంచీ, నా సండే స్కూల్ మాస్టారు హోదా. చాలా ఇళ్లలో గొడవ ఇదే. దేవుడి పేరు మీద పరువు కోసం జరుగుతుంది, పిల్లలు దాన్ని వెంటనే పసిగడతారు. మీరు మొదట చేయవలసింది ఏమీ అనకుండా వినడం. ఎప్పటి నుంచి అనిపిస్తోందని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు మధ్యలో అడ్డుపడకండి. నేను ఆ ప్రశ్న అడగడానికి ఏడు నెలలు పట్టింది.

దేని మీదా ఆసక్తి చూపడం లేదు. ఇది నమ్మకం పోవడమా, మనసు బాగాలేకపోవడమా?

ప్రార్థన మానేసి క్రికెట్, సినిమా, స్నేహితులు అన్నీ మామూలుగా ఉంటే అది నమ్మకం సంగతి. ప్రార్థనతో పాటు తిండి, నిద్ర, ఆట, మాట కూడా తగ్గిపోతే అది ఆరోగ్యం సంగతి. అప్పుడు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. దాన్ని దయ్యమనీ శాపమనీ స్వస్థత కూటాల చుట్టూ, భూతవైద్యుల చుట్టూ తిప్పి విలువైన నెలలు పోగొట్టుకున్న కుటుంబాలను నేను ఎరుగుదును. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదన్న మాట పిల్లల నోట వింటే అర గంట కూడా ఆగవద్దు.

పాస్టరు గారితోనో గురుస్వామితోనో మాట్లాడిస్తే దారికొస్తాడా?

వాడే అడిగితే మాట్లాడించండి. భోజనానికి పిలిచినట్టు పిలిచి, తీరా వస్తే హాల్లో అయ్యగారు కూర్చుని ఉండడం మాత్రం వద్దు. ఆ తర్వాత మీ ఇంటి భోజనం మీద కూడా నమ్మకం పోతుంది.

## పెళ్లి, ఆస్తి, కాగితాలు

మతం తంతు లేకుండా పెళ్లి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది అందుకే. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును అందరికీ కనిపించేలా పెడతారు. 30 రోజుల్లో చెల్లుబాటయ్యే అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి. ఇంట్లో తెలియకుండా చేసుకునేవాళ్లకు ఆ 30 రోజులే గండం.

నమ్మకం వదిలేస్తే ఆస్తి హక్కు పోతుందా?

పోదు. మతం మారినా, కులం నుంచి వెలివేసినా వారసత్వ హక్కు పోదని 1850లోనే చట్టం వచ్చింది. హిందూ కుటుంబంలో పుట్టి దేవుణ్ని నమ్మనివాడు 1956 వారసత్వ చట్టానికి హిందువే. అయితే నాన్న తన స్వార్జితాన్ని వీలునామాతో ఎవరికైనా రాయవచ్చు. నాస్తికుడని కాదు, పెళ్లి నచ్చలేదని రాసినవే నాకు తెలిసినవన్నీ.

దరఖాస్తుల్లో మతం గడిలో ఏం రాయాలి?

2014లో బొంబాయి హైకోర్టు, మతం చెప్పమని ప్రభుత్వం ఎవరినీ బలవంతం చేయకూడదని, తనకు ఏ మతమూ లేదని చెప్పుకునే హక్కు పౌరుడికి ఉందని తీర్పు ఇచ్చింది. 2011 జనాభా లెక్కల్లో మతం చెప్పనివాళ్లు దేశంలో దాదాపు 28.7 లక్షలు, 0.24 శాతం. ఆచరణలో ఆ గడి ఖాళీగా వదిలితే గుమాస్తా పిలిచి అడుగుతాడు. రిజర్వేషన్ ముడిపడి ఉన్నవాళ్లు మాత్రం తెలిసినవాళ్లను సంప్రదించకుండా ఆ గడి జోలికి వెళ్లవద్దు.

నాకు నమ్మకం లేదు. నాన్నకు తలకొరివి పెట్టాలా?

ఒక పాత విద్యార్థి ఈ ప్రశ్నను కృష్ణలంక శ్మశానం బయట నిలబడి ఫోన్లో అడిగాడు. లోపల పురోహితుడు పిలుస్తున్నాడు. "నువ్వు పెట్టకపోతే ఎవరు పెడతారు?" అన్నాను. చిన్నాన్న అన్నాడు. "అమ్మకు ఎవరు పెడితే బాగుంటుంది?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కుండ భుజానికెత్తుకున్నాడని తర్వాత తెలిసింది.

అతను చేసింది కపటమని నేననుకోను. మంత్రం మీద నమ్మకం అక్కర్లేని పని అది, తండ్రిని సాగనంపడం. చేయలేనివాళ్లూ ఉంటారు, వాళ్లది తప్పు కాదు. అయితే ఆ మాట నాన్న బతికి ఉండగానే, ఆయనకే చెప్పాలి. అన్నిటికంటే ముందు ఆయన కోరికేమిటో అడగాలి. కొందరు తండ్రులే శరీరాన్ని వైద్య కళాశాలకు ఇవ్వమంటారు. అలాంటప్పుడు అంగీకార పత్రం ఉన్నా ఆఖరి గంటలో ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే జరుగుతుంది కాబట్టి అత్తయ్యలకూ మేనమామలకూ ముందే తెలియాలి.

## ఆ తర్వాత

వెళ్లినవాళ్లు తిరిగి వస్తారా?

కొందరు వస్తారు. పెళ్లప్పుడు ఒకసారి, బిడ్డ పుట్టాక ఇంకోసారి, అమ్మానాన్న మంచాన పడ్డప్పుడు మరోసారి తలుపు తెరుచుకుంటుంది. వెళ్లినప్పటి మనిషే తిరిగి రాడు. అడిగే ప్రశ్నలు పెరుగుతాయి, కానుకల చిట్టా చూపించమంటాడు. కొందరు ఎన్నటికీ రారు, హాయిగానే ఉంటారు, పక్కవాడికి సాయం చేస్తారు, మాట మీద నిలబడతారు. సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చినవాణ్ని మైకు దగ్గరికి పిలిచి "తప్పిపోయిన కుమారుడు తిరిగొచ్చాడు" అనకండి. మా దగ్గర ఒకతను ఆ మైకు దగ్గర నుంచే రెండోసారి వెళ్లిపోయాడు.

ఇంతకీ మీరు ఏ పక్షం?

నేను ఇప్పటికీ ఆదివారం పాఠం చెబుతున్నాను. నిర్గమకాండం వచ్చినప్పుడు రంగు పెన్సిళ్లు ఇంట్లోనే వదిలి వెళ్తున్నాను.

పండక్కి ఇంటికి వస్తున్నాడు. గుడికి రమ్మని పిలవవచ్చా?

పిలవండి, ఒక్కసారే. "వస్తావా?" అని అడగండి. రానంటే, చెప్పులు వేసుకుంటూ "పులిహోర ఎక్కువ పెట్టించుకొస్తాలే" అని వెళ్లండి.